ఓడ మళ్లీ ఎప్పుడొస్తుంది? ధ్రువ కేంద్రంలో గాలిలోని రేడియోధార్మికత కొలవడానికి ఏ పరికరం

వాక్యూమ్ క్లీనర్ గొట్టం మూతికి పలచటి నూలు గుడ్డ చుట్టి రబ్బరు బ్యాండు బిగించండి. కింది అంతస్తులో తలుపులు, కిటికీలు మూసిన గదిలో అరగంట నడపండి. ఆ గుడ్డను తీసి గీగర్ కౌంటర్ కింద పెడితే, అప్పటిదాకా నింపాదిగా టిక్కుటిక్కుమంటున్నది ఒక్కసారిగా జోరందుకుంటుంది. మొదటిసారి చేసినప్పుడు నాకు కాస్త టెన్షనే వచ్చింది. ముప్పావుగంట ఆగి చూస్తే దాదాపు సగానికి తగ్గింది. రాత్రి భోజనాలయ్యాక పెడితే ఏమీ లేనట్టే ఉంది. అది ఏ రియాక్టర్ నుంచో వచ్చింది కాదు. నేలలోని యురేనియం నుంచి ఊరే రాడాన్ వాయువు, అది విచ్ఛిన్నమైతే పుట్టే సీసం, బిస్మత్. ఇవి దుమ్ముకు అంటుకుని గాలిలో తిరుగుతుంటాయి. ఇరవై ముప్పై నిమిషాలకోసారి సగమవుతూ పోతాయి.

గాలిలో రేడియోధార్మికతను కొలిచే పెద్ద యంత్రాలు చాలావరకు చేసేది ఈ గుడ్డ పనే. గాలిని లాగడం, దుమ్మును పట్టడం, రాడాన్ సంతానం, అంటే ఆ సీసం, బిస్మత్, చల్లారేదాకా ఆగడం, మిగిలిందేమిటో చూడడం. ధ్రువ ప్రాంతాల్లో రాడాన్ బెడద తక్కువ. నేలంతా మంచు కప్పేసి ఉంటుంది కాబట్టి అది పైకి రాదు, గాలిలో దుమ్మూ తక్కువే. అందుకే వేల కిలోమీటర్ల అవతల జరిగినదాని జాడ అక్కడ తేటగా కనిపిస్తుంది. కరెంటు, మనుషులు, విడిభాగాలు, రిపేరు మాత్రం అన్నీ కష్టమే.

ఏ డిటెక్టర్ ఎక్కువ సున్నితమైనది అని చాలామంది మొదట అడుగుతారు. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదటిది: ఓడ మళ్లీ ఎప్పుడొస్తుంది? మీరు తీసిన ఫిల్టర్ ఇంటికి చేరడానికి ఎన్నాళ్లు పడుతుంది, ఆలోపు అందులో ఏం మిగులుతుంది? ఎంపిక సగం ఇక్కడే తేలిపోతుంది.

ఎంత తక్కువను కొలవాలి

ఒక మైక్రోబెకరెల్ అంటే సగటున పదకొండున్నర రోజులకు ఒక్క పరమాణువు విచ్ఛిన్నం కావడం. దూరం నుంచి కొట్టుకొచ్చే జాడలు ఒక ఘనపు మీటరు గాలిలో ఈ స్థాయిలోనే ఉంటాయి. అంత కొంచెం సరుకును పట్టాలంటే గాలి చాలా లాగాలి.

సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందం కింద ప్రపంచమంతా 80 రేడియోధార్మికత కేంద్రాలు పెట్టాలని నిర్ణయించారు. వాటికి రాసుకున్న ప్రమాణం మనకు మంచి గీటురాయి: గంటకు కనీసం 500 ఘనపు మీటర్ల గాలి, 24 గంటల సేకరణ, 24 గంటలకు మించని విరామం, కనీసం 20 గంటల లెక్కింపు, మొత్తమ్మీద 72 గంటల్లో రిపోర్టు. ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు కాబట్టి అంటార్కిటికాలోని మన మైత్రి, భారతి కేంద్రాలు ఈ జాబితాలో లేవు. అంతమాత్రాన ఆ అంకెలు మనకు పనికిరాకుండా పోవు.

లెక్క వేసి చూడండి. గంటకు 500 చొప్పున రోజుకు 12,000 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 1 మైక్రోబెకరెల్ సీజియం-137 (రియాక్టర్లలో, అణుబాంబుల్లో పుట్టేది) ఉందనుకుంటే ఫిల్టర్ మీద చేరేది 0.012 బెకరెల్. అంటే 83 సెకన్లకు ఒక విచ్ఛిన్నం. 20 గంటల్లో 860 చిల్లర. డిటెక్టర్ కంటపడేది అందులో నూటికి నాలుగైదు. రోజంతా కూర్చుంటే చేతికొచ్చేది ముప్పై నలభై కౌంట్లు! ఇంత సన్నటి దారం మీద నడిచే పని ఇది.

గోడకు తగిలించే డోస్ మీటర్

గీగర్ ట్యూబుతో పనిచేసే గామా డోస్ మీటర్ అన్నిటికంటే చవక. సోలార్ ప్యానెల్ మీద కూడా నడుస్తుంది. భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) మన దేశమంతా విస్తరించిన ఐయెర్మాన్ అనే రేడియేషన్ కొలతల నెట్‌వర్క్ ఈ తరహాదే. కానీ ధ్రువ కేంద్రంలో "గాలిని కొలుస్తున్నాం" అని చెప్పుకోవడానికి ఇది చాలదు. ఘనపు మీటరు గాలిలో 1 బెకరెల్ సీజియం ఉన్నా, అంటే పైన చెప్పుకున్న జాడకు పది లక్షల రెట్లు ఉన్నా, మీటరు రీడింగులో గంటకు 0.1 నానోసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదుకు కొలత) కూడా పెరగదు. మామూలు బ్యాక్‌గ్రౌండే పదుల నానోసీవర్టుల్లో ఉంటుంది. భారతి ఉన్న లార్స్‌మన్ కొండల్లాంటి రాతి నేల మీదైతే, నాలుగు అడుగుల మంచు పడితే రీడింగు తగ్గుతుంది, కరిగితే పెరుగుతుంది. ఆ ఊగిసలాటలోనే అంతా కొట్టుకుపోతుంది.

అయినా ఒకటి పెట్టండి. ఎక్కడైనా ప్రమాదం జరిగిందని వార్త రాగానే కేంద్రంలో ఉన్నవాళ్లు ముందు అడిగేది "మనకేమైనా ఉందా?" అనే. ఆ క్షణాన గోడ మీద ఒక అంకె కనిపిస్తే మనసు కుదుటపడుతుంది.

చిన్న పంపు, ఎప్పటికప్పుడు లెక్క

కొద్దిగా గాలి లాగుతూ, ఫిల్టర్ మీద పడుతున్నదాన్ని అక్కడికక్కడే ఆల్ఫా, బీటా కౌంటర్లతో లెక్కపెట్టే రకం ఇది. నిజానికి ఇది రాడాన్‌ను కొలిచే పరికరం. రియాక్టర్ల నుంచో బాంబుల నుంచో వచ్చే కృత్రిమమైనవి బాగా ఎక్కువైతే తప్ప రాడాన్ సందడిలో వినిపించవు. కరెంటు తక్కువ తింటుంది, ఎవరూ దగ్గర కూర్చోనక్కర్లేదు.

దీన్ని తక్కువ చేసి చూడొద్దు. మంచు మీద రాడాన్ పుట్టదు కాబట్టి, పెరిగిందంటే గాలి ఏదో ఖండం మీద నుంచి వచ్చినట్టే లెక్క. దక్షిణ హిందూ మహాసముద్రంలోని కెర్గెలెన్, క్రోజే, ఆమ్‌స్టర్‌డామ్ దీవుల్లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు ఇలాంటి ఉరవడులనే గమనించి వాటికి రాడాన్ తుపానులని పేరు పెట్టారు. ఆఫ్రికా దక్షిణ భాగం నుంచి గాలి కొద్ది రోజుల్లోనే సముద్రం దాటి వచ్చేది. మీ అవసరం వాతావరణ శాస్త్రమైతే ఈ చిన్న పెట్టె చాలు. ప్రమాదాల జాడే కావాలంటే చాలదు.

ఫిల్టర్ తీసి ఇంటికి పంపడం

ఇక్కడ కాస్త నిలబడాలి, ఎక్కువ కేంద్రాలు తూగేది ఈ మెట్టు మీదే. పెద్ద పంపు ఒకటి, ఫిల్టర్ హోల్డర్ ఒకటి. వారానికో రెండు వారాలకో ఫిల్టర్ మార్చి, కవర్లో పెట్టి, తేదీ రాసి పెట్టెలో వేయడం. లెక్కింపంతా స్వదేశంలోని ల్యాబులో. జర్మనీ వాళ్ల నాయ్‌మయర్ కేంద్రంలో 1980ల నుంచి తీసిన ఫిల్టర్లతోనే బెరీలియం-7, సీసం-210ల పాతికేళ్ల రికార్డు తయారైంది. కాస్మిక్ కిరణాల వల్ల పైవాతావరణంలో పుట్టేది బెరీలియం, నేల మీది రాడాన్ నుంచి వచ్చేది సీసం. గాలి పైనుంచి దిగిందా, పక్క నుంచి వచ్చిందా అనేది ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పొచ్చు.

పద్ధతి తేలిక, ఖర్చు తక్కువ, చెడిపోయే భాగాలు తక్కువ. ఇక ఓడ సంగతి. ఏప్రిల్లో తీసిన ఫిల్టర్ డిసెంబర్ ఓడలో వెళ్తుందనుకోండి, 240 రోజులు. అయోడిన్-131 అర్ధజీవిత కాలం, అంటే సగమవడానికి పట్టే సమయం, 8 రోజులు. అంటే ముప్పైసార్లు సగమవుతుంది, మిగిలేది వంద కోట్లలో ఒక వంతు. బేరియం-140 నాలుగున్నర లక్షల్లో ఒక వంతు. బెరీలియం-7 ఇరవై మూడింట ఒక వంతు మిగులుతుంది, కష్టపడితే లెక్క దొరుకుతుంది. సీజియం-134 నూటికి 80 ఉంటుంది. రుథేనియం-106, అదే 2017 శరదృతువులో యూరప్ అంతటా ఫిల్టర్లలో కనిపించి కలకలం రేపినది, నూటికి 64 మిగులుతుంది. సీజియం-137కి ఈ ఎనిమిది నెలలు ఓ లెక్కలోవి కావు.

కాబట్టి దీర్ఘకాలపు రికార్డు కోసమైతే ఫిల్టర్ పంపించే పద్ధతి భేష్. తాజా విడుదలను పట్టాలంటే మాత్రం దానికి సాక్ష్యం చెప్పే అయోడిన్, బేరియం దారిలోనే అయిపోతాయి. ఊరగాయ ఏడాది తర్వాతైనా తినొచ్చు, పాలు అలా కాదు కదా.

ఉత్తర ధ్రువం వైపు లెక్క మారుతుంది. స్వాల్‌బార్డ్‌లోని నీ-ఒలెసుండ్‌కు విమానాలు తిరుగుతుంటాయి. అక్కడి జెపెలిన్ కొండ మీద ఫిన్లాండ్ వాతావరణ సంస్థ తీసిన ఫిల్టర్లలో 2011లో ఫుకుషిమా అయోడిన్, సీజియం దొరికాయంటే కారణం ఇదే, ఫిల్టర్ రోజుల్లో ల్యాబుకు చేరింది. మన పరిశోధన కేంద్రం హిమాద్రి ఉన్నది కూడా ఆ ఊళ్లోనే, 2008 నుంచి. అంటార్కిటికాలో తప్పనిసరి అయిన సరంజామా అక్కడ అనవసరం కావచ్చు.

అక్కడే జెర్మేనియం డిటెక్టర్ పెట్టుకోవడం

ఓడ కోసం ఆగలేమనుకుంటే లెక్కింపు కేంద్రంలోనే జరగాలి. అంటే హై ప్యూరిటీ జెర్మేనియం డిటెక్టర్, దాని చుట్టూ వందల కిలోల సీసపు గూడు. పని ఇలా సాగుతుంది. దాదాపు దినపత్రిక పేజీ అంత ఫిల్టర్‌ను హోల్డర్ నుంచి విప్పుతారు, దుమ్ము రాలకుండా లోపలికి మడుస్తారు, ప్రెస్‌లో పెట్టి బిళ్లలా నొక్కుతారు, రోజు ఆగి సీసపు గూట్లో పెట్టి మూత వేస్తారు. మడత కుదరక బిళ్ల ఒకవైపు ఎత్తుగా వస్తే లెక్క కూడా ఒకవైపు వాలుతుంది. చెయ్యి తిరగడానికి ఓ పది పదిహేను ఫిల్టర్లు పడతాయి. ఏ శక్తి గల గామా కిరణాలు ఎన్ని వచ్చాయో చూపే స్పెక్ట్రమ్ ఫైలు చాలా చిన్నది, ఒక్కో ఐసోటోపు అందులో తన చోట ఒక గీతలా కనిపిస్తుంది, నీరసమైన ఉపగ్రహ ఈమెయిల్లో కూడా పోతుంది. ఇంటి దగ్గర నిపుణుడు చూసి జవాబు చెప్పొచ్చు.

సోడియం అయొడైడ్ క్రిస్టల్ చవక, చల్లబరచనక్కర్లేదు కదా అనేవాళ్లున్నారు. నిజమే. కానీ 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల సీజియం గీతను అది దాదాపు 46 వెడల్పున పూసేస్తుంది. జెర్మేనియంలో అది రెండు లోపే. ముప్పై నలభై కౌంట్లను 46 వెడల్పులో వెతకడమంటే గడ్డివాములో సూదే. క్రిస్టల్‌ను స్పేర్‌గా, పెద్ద విడుదల జరిగినప్పుడు త్వరగా చూసుకోవడానికి ఉంచుకోండి. ఇంకో మాట, అది ఉష్ణోగ్రత చప్పున మారితే పగులుతుంది. ఒకదాన్ని నేనే పాడుచేశాను. ఏసీ గదిలోంచి తెచ్చి ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో పెట్టాను. మర్నాడు చూస్తే గీతలన్నీ చెదిరిపోయి ఉన్నాయి. ఓడ డెక్కు మీద హీటర్ లేని కంటైనర్లో పంపితే గతి వేరుగా ఉండదు.

జెర్మేనియంకు చల్లదనం కావాలి, సున్నాకు దిగువన 180 డిగ్రీల దరిదాపుల్లో. రెండు దారులు: ద్రవ నైట్రోజన్ లేదా కరెంటు కూలర్. కేంద్రంలో ఇంకేదైనా పనికి నైట్రోజన్ ప్లాంటు ముందే ఉంటే దాన్ని వాడుకోండి. లేకపోతే కూలరే. కూలర్‌తో చిక్కు ఒకటే, కరెంటు పోయినప్పుడు డిటెక్టర్ సగం వేడెక్కుతుంది. అప్పుడు వెంటనే మళ్లీ ఆన్ చేయకూడదు, గది ఉష్ణోగ్రతకు పూర్తిగా వచ్చేదాకా ఆగి ఆ తర్వాతే చల్లబరచాలి. అర్ధరాత్రి జనరేటర్ మార్చే మెకానిక్‌కు ఇది తెలియదు. డిటెక్టర్ మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించండి.

మనిషా, యంత్రమా

జెర్మేనియం అని తేలాక కూడా ఒక చిక్కు మిగులుతుంది. ఫిల్టర్ మార్చేది మనిషా, యంత్రమా? ఫిన్లాండ్‌లో తయారయ్యే స్నో వైట్ మొదటి రకం: బలమైన పంపు, పెద్ద ఫిల్టర్, మిగతాదంతా మీ చేతుల్లో. రెండో రకానికి ఉదాహరణ అమెరికా వాళ్ల రాసా. ఆరు ఫిల్టర్ రోల్స్ పక్కపక్కనే నడుస్తాయి, ఆరింటినీ యంత్రమే కలిపి సీలు చేసి, బార్‌కోడ్ అంటించి, డిటెక్టర్ చుట్టూ చుట్టుకునేలా తిప్పుతుంది. అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గరున్న పామర్ కేంద్రంలో నడిచేది ఇదే.

యంత్రం రోజూ ఒకేలా పనిచేస్తుంది, ఆదివారం మర్చిపోదు. చెడిపోయినప్పుడు మాత్రం మోటారు, సెన్సారు, కంట్రోల్ బోర్డు అన్నీ అనుమానితులే. ఒప్పంద కేంద్రాలు ఏడాదిలో 15 రోజులకు మించి ఆగకూడదన్నది నిబంధన. దాని వెనక వియన్నాలోని ఒప్పంద సంస్థ నుంచి అండదండలు, విడిభాగాల గిడ్డంగులు ఉంటాయి. మీకు అవి లేకపోతే, జులైలో బోర్డు కాలిపోతే డిసెంబర్ దాకా ఉత్త డబ్బా.

చేతి పద్ధతిలో రోజుకు ముప్పావుగంట పని. చలికాలంలో పాతిక మంది కూడా లేని చోట ఆ ముప్పావుగంట ఎవరిదో ముందే రాసిపెట్టాలి. వాతావరణ పరిశీలకుడిదా, డాక్టరుదా? అక్కడ డాక్టరుకు తీరిక ఎక్కువ, చెయ్యి కుదురు. ఆ పనికి ఆయనే నయమని నా ఉద్దేశం. రెండో మనిషికీ నేర్పించండి.

జినాన్ సంగతి

భూగర్భంలో అణుపరీక్ష జరిపితే దుమ్ము బయటికి రాకపోవచ్చు, జినాన్ వాయువు వస్తుంది. దాన్ని పట్టే యంత్రాలు స్వీడన్ సౌనా, ఫ్రాన్స్ స్పాలాక్స్, రష్యా అరిక్స్. గాలిని ఆరబెట్టి, బొగ్గు మీదుగా పంపి, గాలిలో కోటి పాళ్లకు ఒక పాలు కూడా లేని జినాన్‌ను వేరుచేసి లెక్కపెడతాయి. స్పిట్స్‌బెర్గెన్‌లో దుమ్ము కేంద్రంతోపాటు సౌనా కూడా ఉంది. పాత సోవియట్ పరీక్షా స్థలం నొవాయా జెమ్ల్యా అక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరమే కాబట్టి అర్థం ఉంది. ఒక పరిశోధన కేంద్రం సొంతంగా దీన్ని పెట్టుకోవాలనుకుంటే నేను వద్దంటాను. వైద్య ఐసోటోపులు తయారుచేసే ఫ్యాక్టరీలు వదిలే జినాన్-133 ఎప్పుడూ గాలిలో తిరుగుతుంటుంది. కనిపించిన ప్రతిసారీ ఎక్కడిదో తేల్చడానికి గాలి లెక్కలు వేసే బృందం కావాలి.

అయోడిన్ కోసం మాత్రం ఒక చిన్న ఏర్పాటు మర్చిపోవద్దు. ఫుకుషిమా తర్వాత యూరప్‌లో కొలిస్తే అయోడిన్‌లో ఎక్కువ భాగం వాయురూపంలోనే ఉంది, దుమ్ము ఫిల్టర్ గుండా జారిపోయింది. పక్కనే చిన్న పంపుకు యాక్టివేటెడ్ బొగ్గు గుళిక తగిలించి, ప్రమాద వార్త వచ్చినప్పుడు ఆన్ చేస్తే చాలు.

బ్రోచర్లో ఉండనివి

డీజిల్. రెండు కిలోవాట్ల పంపు ఏడాదంతా ఆగకుండా తిరిగితే 17,520 యూనిట్లు. లీటరుకు మూడు యూనిట్ల చిల్లర ఇచ్చే జనరేటర్‌కు ఇది 5 వేల లీటర్ల పైమాట, ప్రతి లీటరూ ఓడలో మోసుకొచ్చిందే. వారానికి నాలుగు రోజులు నడిపితే చాలనుకుంటే నడపండి. ఫిల్టర్ పంపించే పద్ధతిలో అది పెద్ద నష్టం కాదు.

పంపు మూతిని జనరేటర్ పొగకు ఎదురుగాలి వైపు, మంచు ఎగరని ఎత్తులో పెట్టాలి. లేకపోతే తుపాను రోజు ఫిల్టర్ నిండా మంచు, మామూలు రోజు నిండా మసి. పొడి చలిగాలిలో స్వెట్టర్ రాసుకుంటేనే నిప్పురవ్వలు వస్తాయి, గడ్డకట్టిన నేలలో ఎర్తింగ్ సరిగా దిగదు. ఎలక్ట్రానిక్స్ ముట్టుకునే ముందు చేతికి తీగ కట్టుకోవడం అక్కడ వేడుక కాదు.

డిటెక్టర్‌ను సరిచూసే కాలిబ్రేషన్ సోర్సు విషయంలో త్వరగా తగ్గిపోయే ఐసోటోపుల మిశ్రమం కాకుండా, 13 ఏళ్ల పైన అర్ధజీవిత కాలం ఉన్న యూరోపియం-152 తీసుకెళ్లండి. వాడాక వెనక్కి తేవాల్సిందే. అంటార్కిటికా పర్యావరణ ప్రోటోకాల్ రేడియోధార్మిక పదార్థాన్ని అక్కడ వదలనివ్వదు. రోజువారీ సరిచూసుకోవడానికి సహజంగానే కాస్త రేడియోధార్మికత ఉండే పొటాషియం క్లోరైడ్ డబ్బా ఒకటి చాలు. నీ-ఒలెసుండ్‌కు వెళ్లేవాళ్లు వైఫై, బ్లూటూత్‌తో డేటా పంపే పరికరం కొనకండి, అక్కడి అబ్జర్వేటరీ కోసం 2 నుంచి 32 గిగాహెర్ట్జ్ దాకా రేడియో నిశ్శబ్దం పాటిస్తారు. కేబుల్ వేసుకోవాల్సిందే.

నేనైతే

విమానం తిరిగే చోట పెద్ద పంపు, వారం ఫిల్టర్, ఇంటి ల్యాబు. జెర్మేనియం వద్దు.

ఏడాదికి ఒక్క ఓడ వచ్చే చోట, పాతిక మంది బృందానికి: స్నో వైట్ తరహా పంపు, కూలర్‌తో జెర్మేనియం, చేతి పద్ధతి, గోడకు డోస్ మీటర్, బొగ్గు గుళికలు. జెర్మేనియంకు డబ్బు సరిపోకపోతే పంపు ముందు కొనండి, డిటెక్టర్ తర్వాత తెచ్చుకోవచ్చు. లాగని గాలిని ఎవరూ వెనక్కి తేలేరు. యంత్రం జోలికి వెళ్లేది వెనక ఒక నెట్‌వర్కు ఉంటేనే.

ఇందులో ఏది ఎంచుకున్నా, లెక్క అయిపోయిన ఫిల్టర్లను పారేయకండి. 1964 ఏప్రిల్లో అమెరికా ఉపగ్రహం ఒకటి కక్ష్యకు చేరకుండానే హిందూ మహాసముద్రం పైన కాలిపోయింది. దానిలోని స్నాప్-9ఏ బ్యాటరీలో ఉన్న కిలో దాకా ప్లుటోనియం-238 గాలిలో కలిసి, ఎక్కువగా దక్షిణార్ధగోళం మీదే దిగింది. ప్లుటోనియం ఆల్ఫా వదులుతుంది, ఎంత గొప్ప జెర్మేనియం డిటెక్టరూ దాని మోతాదును అలాంటి ఫిల్టర్‌లో చూడలేదు. ఫిల్టర్‌ను కరిగించి రసాయనికంగా వేరుచేస్తేనే దొరుకుతుంది, దాని అర్ధజీవిత కాలం 88 ఏళ్లు కాబట్టి తొందరేమీ లేదు. ఒక్కో ఫిల్టర్ ఒక్కో కవర్లో, పైన మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, లాగిన గాలి ఎన్ని ఘనపు మీటర్లో. బాల్ పెన్ను సిరా చలికి గడ్డకడుతుంది, పెన్సిల్‌తో రాయండి.